తొమ్మిదో పలకలో అతుకు

ఆ భవనంలో ఎవరిని పలకరించినా డాక్టరుగారే. జ్వరానికి మందు రాసివ్వగల డాక్టరు ఒక్కరూ లేరు గానీ రాళ్ళ డాక్టర్లు, మట్టి డాక్టర్లు, భూకంపాల డాక్టర్లు అంతస్తుకి అరడజను మంది. ఇంతమందిలో మాస్టరు అనిపించుకున్నవాడు ఒక్కడే. ఆయన పాఠాలు చెప్పే మాస్టరు కాదు, కటింగ్ మాస్టరు. ముప్పై ఏళ్ళు కోట్లూ ప్యాంట్లూ కత్తిరించాడు. రెడీమేడ్ దుకాణాలు వచ్చి టైలర్ల పొట్ట కొట్టాక, ఆ భవనంలో కరెంటు పనులు చూసే బావమరిది ఎవరి చెవిలోనో ఓ మాట వేసి, ఆయన్ని కింది అంతస్తు ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా చేర్పించాడు.

చేరే రోజు గైడుగారు, అంటే అక్కడ పరిశోధన చేసే పిల్లలకి దారి చూపించే పెద్ద డాక్టరు, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"సముద్రం గురించి మీకేమైనా తెలుసా?"

"ఉప్పగా ఉంటుందండీ."

గైడుగారు నవ్వలేదు. నవ్వడం ఆయనకి అలవాటు లేని పని. మెత్తటి సిలికాన్ ముద్ద ఒకటి బల్ల మీద పలచగా పరిచి, స్కేలు లేకుండా అంగుళం వెడల్పు పట్టీ కోయమన్నాడు. మాస్టరు కోశాడు. గైడుగారు స్కేలు పెట్టి కొలిచాడు, నమ్మకం కుదరక ఇంకోసారి కొలిచాడు, రేపటినుంచి రమ్మన్నాడు. అది జరిగి పదకొండేళ్ళు.

ఆ గదిలో పనేమిటో ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. గది మధ్యలో ఒంటిమంచం అంత గాజు తొట్టి ఉంటుంది. దాని నిండా గ్లూకోజ్ పాకం, తేనెకన్నా చిక్కన. చీమలకి ఆ గది స్వర్గం. తొట్టి కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం మాస్టరు వచ్చాక మొదలైన పద్ధతి, అంతకుముందు డాక్టర్లంతా కలిసి చీమలతో యుద్ధం చేసి ఓడిపోయారు. సిలికాన్ ముద్దలో ఇనుప పొడి కలిపి, పలచటి పలకలా పోసి, ఆరబెట్టి, ఆ పాకం మీద పరుస్తారు. ఒక అంచుని చెక్క గరిటెతో కిందికి నొక్కి వదిలేస్తారు. ఇక పలక తన బరువుతో తనే మెల్లగా దిగుతుంది. గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. పక్కనుంచి కెమెరా ఫొటోలు తీస్తూ ఉంటుంది. పాకం అంటే భూమి లోపలి పదార్థం, పలక అంటే సముద్రం అడుగున ఉండే నేల. అంత పెద్ద సముద్రాన్ని మంచమంత తొట్టిలోకి తెచ్చుకున్నారన్నమాట.

ఆ పలకలు పోసేది మాస్టరైతే, వాటిని ముంచేది పొడుగమ్మాయి. ఆమెను అందరూ అలాగే పిలుస్తారు, ఎందుకో చూస్తే తెలుస్తుంది. గైడుగారి దగ్గర ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. వాళ్ళమ్మ ఫోను చేసినప్పుడల్లా "ఏమే, మీ సముద్రం మునిగిందా లేదా?" అని అడుగుతుంది. ఇంకా లేదమ్మా అంటుంది ఈ పిల్ల. మాస్టరుకి కూతుళ్ళు లేరు. ఈ అమ్మాయి మధ్యాహ్నం తిందో లేదో కనుక్కోవడం ఆయన ఉద్యోగంలో ఎవరూ చెప్పని భాగం.

మొదటి ఏడాదే ఆమె ఆయనకి తన చదువు విప్పి చెప్పింది.

"సముద్రం అడుగు నేల కూడా పుడుతుంది, పెరుగుతుంది, పోతుంది మాస్టరుగారూ. నడి సముద్రంలో వేడిగా పుడుతుంది. పక్కకి జరుగుతూ జరుగుతూ చల్లారుతుంది. చివరికి ఏ ఖండం అంచుకో చేరి కిందికి దిగిపోతుంది. ఆ పటం చూడండి. ఇదంతా లేత నేల, ఇదంతా ముదురు నేల."

గోడ మీద పటంలో సముద్రం నడిమిన లేత నీలం, అంచుల్లో ముదురు నీలం. మాస్టరు తల ఊపాడు. రంగుల సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఈ అడ్డగీతలేంటమ్మా?"

"అవే నా ప్రాణం తీస్తున్నాయి. ఫ్రాక్చర్ జోన్లు అంటారు. వందల మైళ్ళు సాగే పగుళ్ళు అనుకోండి. పగులున్న నేల కిందికి దిగేటప్పుడు ఆ పగులు వెంబడి చిరుగుతుందా, చిరక్కుండా ఒకటిగానే దిగుతుందా? చిరిగితే రెండు ముక్కలూ ఒకే తీరుగా దిగుతాయా? అది తేల్చాలి."

"బట్ట చిరుగుతుందా లేదా చూడ్డానికి ఇన్నేళ్ళ చదువా?"

"అవును. పైగా ఇంకా తేలలేదు."

పని పద్ధతి గైడుగారు పెట్టినదే. ప్రతి పలకా ఒకే పోతగా పోయాలి. మధ్యలో పగులు కోసం సగం లోతు వరకూ బ్లేడుతో గీత కోయాలి, ఆ గీత ఒక్కటే మార్చుతూ పోవాలి. ఒకసారికి ఒక్క మార్పే అన్నది ఆయన సూత్రం. అలా ఎనిమిది పలకలు దిగాయి. ఎనిమిదీ తడిసిన దుప్పటిలా మొత్తంగా దిగిపోయాయి, గీత గీతలాగే ఉండిపోయింది.

తొమ్మిదోది చిరిగింది.

నలభై నిమిషాలకి గీత వెంబడి నోరు తెరుచుకుంది. ఒక సగం నిటారుగా కిందికి వెళ్ళిపోయింది, రెండో సగం వెనకబడి వాలుగా తేలుతూ ఉండిపోయింది. పొడుగమ్మాయి కెమెరా దగ్గరినుంచి కదల్లేదు. తర్వాత మాస్టరు రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. అమ్మకి ఫోను చేసి, "మునిగిందమ్మా" అని చెప్పింది. ఆ ఫొటో పెద్దది చేయించి వరండాలో తగిలించారు. గైడుగారు దాని ముందు నిలబడి రెండు నిమిషాలు చూశాడు. నవ్వినట్టే ఉన్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ తర్వాత ఏడు నెలల్లో ఇంకో అయిదు పలకలు పోశారు. మొదటి రెండింటికీ గీత లోతు అదే, పాకం అదే, గది వేడి అదే. అవి దుప్పట్లే. మిగతా మూడింటికి పొడుగమ్మాయి గీతని ఇంకాస్త లోతు చేయించింది, వెడల్పు చేయించింది, చివరికి బ్లేడు కంపెనీ కూడా మార్పించింది. అవీ దుప్పట్లే. ఆమె కళ్ళ కింద నలుపు వచ్చింది. మాస్టరు ఫ్లాస్కులో టీ తెస్తే, తాగుతానని పక్కన పెట్టి మరిచిపోయేది.

ఇలా ఉండగా పరిశీలన కమిటీ ఉత్తరం పంపింది. శుక్రవారం పొద్దున వస్తున్నాం, తొమ్మిదో ఫలితం మళ్ళీ వస్తుందని ఆధారం చూపించండి, చూపించలేకపోతే ఈ పరిశోధన ఇంతటితో ముగించవలసి ఉంటుంది అని దాని సారాంశం. ఆరేళ్ళ చదువు ఒక్క పొద్దుటి మీద వేలాడుతోంది.

సోమవారం మాస్టరు ముక్కల డబ్బా సర్దడానికి కూర్చున్నాడు. కోసి పారేసిన సిలికాన్ ముక్కలు వేసే పెద్ద డబ్బా అది. ఆయన ఏదీ పారేయడు, పారేయడం చేతకాదు. అడుగున, కాగితంలో చుట్టిన సగం పలక ఒకటి తగిలింది. దాని మూలన పొడుగమ్మాయి చేతిరాతతో తొమ్మిది అని అంకె ఉంది. మధ్యలో చింతగింజలంత గాలి బుడగలు పొంగి ఉన్నాయి.

అప్పుడు గుర్తుకొచ్చింది. అంతవరకూ ఆ సంగతి ఆయన మనసులో లేనే లేదు, ఒట్టు. ఆ రోజు తొమ్మిదో పలక ఒక సగం బుడగలు పట్టింది. కెమెరా మధ్యాహ్నం వరకే అరువిచ్చారు, కొత్తది పోస్తే ఆరడానికి రెండు రోజులు. ఆయన చేయి ఆలోచించలేదు. కోటు బట్టకి మరక పడితే ఏం చేస్తాడు? మరక ఉన్నంత మేర తీసేసి, అదే రంగు ముక్క వెతికి, కుట్టు ఎలాగూ వచ్చేచోట అతుకు వేస్తాడు. అదే చేశాడు. నడిమి గీత ఎలాగూ ఉంటుంది కదా అని ఆ గీత వెంబడే బుడగల సగం కోసి తీసేశాడు. డబ్బాలో పోయినేడు ఇంకెవరి పనికో కలిపిన ముక్క దొరికింది. దాన్ని ఆనించి, కర్రతో ఒత్తి, అరగంట బరువు పెట్టాడు. కొత్తగా పోసిన సగం మీద ఇనుప పొడి అద్ది రెండింటి ఛాయా కలిపాడు. అతుకు మీదనే గీత కోశాడు. ఎంత బాగా కుదిరిందంటే, మర్నాటికి తనే మరిచిపోయాడు.

మాస్టరు ఆ సగం పలకని ఒళ్ళో పెట్టుకున్నాడు. అయిదు పలకలు ఎందుకు చిరగలేదో ఆయనకి తెలిసిపోయింది. తొమ్మిదోది చిరిగింది గీత వల్ల కాదు, తన అతుకు ఊడి. ఆ పిల్ల ఏడు నెలలుగా వెతుకుతున్నది తన చేతి పనిని. మెల్లగా ముక్కని మళ్ళీ కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టేశాడు.

సోమవారం చెప్పలేదు. మంగళవారం చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. పొడుగమ్మాయి తలెత్తి, "జలుబు చేసిందా మాస్టరుగారూ, మందు వేసుకున్నారా?" అంది. అంతే, వేసుకున్నానని చెప్పి పంపు తుడవడం మొదలుపెట్టాడు. బుధవారం ఆమె పదిహేనో పలక పోయించింది, శుక్రవారం కోసం. కక్కలేక మింగలేక ఆయన దాన్ని బుడగ ఒక్కటి లేకుండా, ఒకే పోతగా, చక్కగా పోసి పెట్టాడు. అది చిరగదని గదిలో తెలిసినవాడు తనొక్కడే.

ఆ సాయంత్రం ఇంట్లో ముందుగదిలో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరివో నిక్కర్ల అంచులు విప్పుతోంది. వీధిలో పిల్లల బట్టలు సరిచేసి ఇవ్వడం ఆవిడ పని.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఈ సూదిలో దారం ఎక్కించి ఇవ్వండి, నాకు ఆనట్లేదు."

ఆయన మూడుసార్లు తప్పాడు. ఆవిడ సూది తీసుకుని పక్కన పెట్టింది.

"ఏం లేకపోతే మీకు సూదిలో దారం తప్పదు. చెప్పండి."

చెప్పాడు. చెబుతూనే తనకి తనే వకాలతు కూడా పుచ్చుకున్నాడు. "ముప్పై ఏళ్ళలో ఏ గిరాకీకైనా అతుకు చూపించానా? వాళ్ళకి కనబడితే ఇక నా పనితనం ఏముంది?"

"అతుకు కనబడకపోతే కోటు బాగుంటుంది. ఆ అమ్మాయి మిమ్మల్ని కోటు అడిగిందా? చిరుగుతుందా లేదా అని కదూ చూస్తోంది. సరిగ్గా చిరగాల్సిన చోటే మీరు అతుకేసి, నోరు కుట్టేసుకుని కూర్చుంటే ఎలాగండీ? బట్ట వాళ్ళది."

"చెప్తే దాని ఆరేళ్ళ చదువు పోతుందే."

"చెప్పకపోతే ఉంటుందా?"

ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దున పొడుగమ్మాయి రాగానే, ఆమె బ్యాగు కింద పెట్టకముందే, మాస్టరు ఆ కాగితం చుట్ట బల్ల మీద పెట్టి విప్పాడు. తను రాసిన తొమ్మిది అంకె చూసుకుని ఆమె ముందు అర్థం కానట్టు నిలబడింది. ఆయన తల వంచుకుని మొత్తం చెప్పాడు. పాత ముక్క తెచ్చి అతుకు వేశాను, గీత దాని మీదే కోశాను, తప్పు నాది అన్నాడు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"సోమవారం."

"ఇవాళ గురువారం."

"అవునమ్మా."

ఆమె ఆ సగం పలకని వేలితో ఒకసారి తాకి, లేచి బయటికి వెళ్ళిపోయింది. గంట తర్వాత తిరిగి వచ్చి పని చేసుకుంది. కావలసినవి తనే తీసుకుంది, పాకం తనే కలుపుకుంది. మాస్టరు టీ పోసి పెడితే అటు చూడలేదు. కొలతలు కావలసివస్తే కాగితం మీద రాసి బల్ల మీద పెట్టింది. పదకొండేళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఉద్యోగం పోయినా ఇంత బాధ ఉండదేమో అనుకున్నాడు మాస్టరు. ఆయనకి ఏడుపొచ్చింది, చీమల గిన్నెల్లో నీళ్ళు మార్చే వంకతో తొట్టి కింద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

శుక్రవారం పదింటికి కమిటీ వచ్చింది. ముగ్గురే. ఎప్పుడో రిటైరైన పెద్దాయన, చెవికి మిషను పెట్టుకుంటాడు. నోటుపుస్తకం వదలని కళ్ళజోడావిడ. మూడో మనిషి గైడుగారే. మాస్టరు తన జాగాలో, పాకం తోడే పంపు దగ్గర నిలబడ్డాడు.

పొడుగమ్మాయి తొట్టి పక్కన నిలబడి, నీళ్ళు తాగి, స్పష్టంగా చెప్పింది.

"తొమ్మిదో పలక ఫలితాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను. అది ఒకే పోతగా పోసిన పలక కాదు. మధ్యలో అతుకు ఉంది. కాబట్టి పద్నాలుగు పలకల్లో ఒక్కటి కూడా గీత వెంబడి చిరగలేదనే మీరు లెక్కలోకి తీసుకోవాలి."

గైడుగారి ముఖం పాలిపోయింది. వరండాలో ఆ ఫొటో ఇంకా వేలాడుతూనే ఉంది మరి.

"ఇది ఎవరి పొరపాటు?" అంది కళ్ళజోడావిడ.

"నాదే. పలక ముంచేముందు సరిచూసుకోవలసింది నేను."

మాస్టరు ఆమె వైపు చూశాడు. ఆమె చూడలేదు. నిన్నటినుంచి మాట్లాడని పిల్ల, తన ఉద్యోగం మీదికి రాకుండా నింద నెత్తిన వేసుకుంటోంది. ఆయన పంపు వదిలేసి ముందుకొచ్చాడు.

"అయ్యా, ఆ అమ్మాయికి ఏమీ తెలియదండీ. చేసింది నేను."

"మాస్టరుగారూ, మీరు తర్వాత మాట్లాడండి" అన్నాడు గైడుగారు.

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. "చెప్పనివ్వండి. మీరేం చేశారు?"

"బుడగలు పడిన సగం తీసేసి, లేతదానికి ముదురుది అతికానండీ."

పెద్దాయన చెవి మిషను సర్దుకున్నాడు. "ఏమన్నారు? మళ్ళీ అనండి."

"లేతదానికి ముదురుది అండీ."

"లేత నేలకి ముదురు నేలా?"

"నేల కాదండీ, రంగు" అన్నాడు మాస్టరు కాస్త విసుగ్గానే. ఇంత చదువుకున్నవాళ్ళకి రంగు సంగతి కూడా విడమరిచి చెప్పాలా అనిపించింది ఆయనకి. "ఇనుప పొడి తక్కువ పడితే ముద్ద లేత బూడిద రంగులో ఉంటుంది. ఎక్కువ పడితే ముదురుతుంది. డబ్బాలో దొరికిన ముక్క ముదురుది. తేడా కనబడకుండా లేతదాని మీద పొడి అద్దాను. అదీ తప్పేనండీ, ఒప్పుకుంటున్నాను."

కళ్ళజోడావిడ పెన్ను ఆగింది.

"ఇనుప పొడి ఎక్కువైతే బరువు కూడా ఎక్కువేగా?" అన్నాడు పెద్దాయన.

"బరువే కదండీ మరి. చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది."

"కిందికి ముందు వెళ్ళింది ఏ సగం?"

మాస్టరు ఎప్పుడూ ఆ మాట ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నాడు. "ముదురుదేనండీ. కిటికీ వైపు సగం."

పెద్దాయన పొడుగమ్మాయి వైపు తిరిగాడు. "వింటున్నావా అమ్మా?"

ఆమె వింటోంది. గోడ మీది పటం కేసి చూస్తోంది. ఆరేళ్ళుగా ఆయన లేత నేల అంటే లేత రంగనీ, ముదురు నేల అంటే ముదురు రంగనీ అనుకుంటూ వచ్చాడని ఆమెకి ఇప్పుడే తెలిసింది. ఆమె చెప్పింది వయసు. ముందు పుట్టి చల్లారి బరువెక్కినది ముదురు నేల, నిన్నగాక మొన్న పుట్టి ఇంకా వెచ్చగా తేలిగ్గా ఉన్నది లేత నేల. సముద్రం అడుగున ఆ పగులు గీతలకి ఒకపక్క ముదురుది, ఒకపక్క లేతది ఆనుకుని ఉంటాయి. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉన్న సంగతి.

"రెండు పక్కలా ఒకే వయసు నేల పెట్టి మధ్యలో గీత కోస్తూ కూర్చున్నాను" అంది ఆమె తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "రెండు పక్కలూ ఒకే బరువైతే రెండూ ఒకేసారి దిగుతాయి. చిరగాల్సిన అవసరం దానికేముంది? ఒకటి ముందు దిగిపోతానంటే, రెండోది ఆగుతానంటే, అప్పుడు కదా చిరుగుతుంది."

"వయసు తర్వాత చూద్దామని నేనే అన్నాను" అన్నాడు గైడుగారు. "ముందు గీత సంగతి తేల్చమన్నాను."

"దానికి పగులని పేరు పెట్టి మనమే మోసపోయాం" అన్నాడు పెద్దాయన. "ఎప్పుడో పగిలిందే, కాదనను. కానీ ఇప్పుడది రెండు వయసుల నేలకి మధ్య అతుకు. మాస్టరుగారూ, అలాంటిది ఇప్పుడు ఇంకోటి వేయగలరా?"

మాస్టరు పొడుగమ్మాయి కేసి చూశాడు. ఆమె తల ఊపింది.

పదిహేనో పలకని గీత వెంబడి కోశాడు. డబ్బాలో ముదురు ముక్క వెతికాడు. పోయినసారి వాడిన రకం మిగల్లేదు, దానికి దగ్గరిది ఒకటి దొరికింది, కొంచెం తక్కువ ముదురు. కళ్ళజోడావిడ రెండు సగాలూ తూకం వేయించి రాసుకుంది. మాస్టరు అంచులు ఆనించి, బొటనవేలితో దారిపొడుగునా నొక్కి, కర్రతో ఒత్తి, బరువు పెట్టాడు. అరగంట ఎవరూ బయటికి పోలేదు. పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "మా నాన్నకి కోట్లు కుట్టినాయన కూడా ఇలాగే నొక్కేవాడు" అన్నాడు.

పలక పాకం మీదికి చేరింది. పొడుగమ్మాయి అంచు నొక్కి వదిలింది. ఇరవై నిమిషాలు దుప్పటే. ముప్పై నిమిషాలకి కిటికీ వైపు సగం కాస్త ముందుకు వంగింది. నలభై అయిదుకి అతుకు అంచు దగ్గర వేలు పట్టేంత నోరు తెరుచుకుంది. ముదురు సగం దిగుతోంది, లేత సగం వెనక్కి లాగుతోంది. చిరుగు మూడో వంతు వరకూ వచ్చి అక్కడ ఆగిపోయింది. తొమ్మిదోదానిలా బారెడు పొడుగునా తెగలేదు. గంటన్నరకి రెండు సగాలూ రెండు వాలుల్లో, మెలి తిరిగి, అడుక్కి చేరాయి.

"పూర్తిగా తెగలేదు" అన్నాడు గైడుగారు.

"బరువు తేడా తక్కువ కదా" అంది పొడుగమ్మాయి వెంటనే. "ఎంత తేడా ఉంటే ఎంత వరకు తెగుతుందో, అది కదా ఇప్పుడు తేల్చాల్సింది." ఆ మాట అనేసి తనే ఆగిపోయింది. ఆరేళ్ళలో తన ప్రశ్న తనకి అంత సూటిగా వినబడటం అదే మొదటిసారి.

కమిటీ ముగ్గురూ పక్క గదిలో పావుగంట కూర్చుని వచ్చారు. తొమ్మిదో ఫలితం చెల్లదు, వరండాలో ఫొటో తీసేయాలి. పరిశోధనకి ఎనిమిది నెలలు గడువు. ప్రతి సగం బరువూ, ప్రతి అతుకూ రాసి పెట్టాలి. నియమం తప్పిన టెక్నీషియన్‌ని మార్చాలా అని గైడుగారు అడిగితే, "మార్చండి, అతుకు వేయడం వచ్చిన డాక్టరు మీ భవనంలో ఉంటే" అన్నాడు పెద్దాయన. గైడుగారు ఈసారి నిజంగానే నవ్వాడు. మాస్టరుకి మాత్రం ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు, ఆయన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. పొడుగమ్మాయి పంపు కట్టేసింది. బల్లకి ఆనుకుని నిలబడి చేతులు తుడుచుకుంటూ, నిన్న పొద్దుటి తర్వాత మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"మీరు ఆ రోజే చెప్పి ఉంటే నాకు ఏడు నెలలు మిగిలేవి."

"అవునమ్మా."

"అసలు ఆ అతుకే వేయకపోయి ఉంటే ఆరేళ్ళూ పోయేవి."

ఆయన హెచ్చరిక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియట్లేదు మాస్టరుగారూ. కోపం మాత్రం ఇంకా పోలేదు."

"ఏదైనా అను తల్లీ" అన్నాడు ఆయన. "తిట్టు, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు. నిన్నటినుంచీ నేను నిలవలేకపోయాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం పక్కకి తిప్పుకుని, ముక్కల డబ్బాని కాలితో ఆయన వైపు జరిపింది.

"కూర్చోండి. ముదురువి ఒక పక్క, లేతవి ఒక పక్క వేరు చేద్దాం. మీరు చేత్తో బరువు చెప్పండి, నేను రాస్తాను."